చేతి మీద తట్టని మాట

సినిమాహాలు మెట్లెక్కుతూ నాన్న చొక్కా చేతులు సర్దుకోవడం పిట్ట చూసింది. ఇస్త్రీ మడత నలగని చొక్కా అది. రాత్రంతా కుర్చీలో కూర్చుని యానిమే బొమ్మల సినిమాలు చూడడానికి ఎవరూ ఇస్త్రీ చొక్కా వేసుకురారు. చుట్టూ ఉన్న కుర్రకారంతా దుప్పట్లూ దిండ్లూ చంకన పెట్టుకుని, ఇంట్లో వేసుకునే చెప్పులతోనే దిగిపోయారు. ఒకమ్మాయి తలకి నక్క చెవులు తగిలించుకుంది. వాళ్ల మధ్య నాన్న ఎవరికో సాక్ష్యం చెప్పడానికొచ్చిన పెద్దమనిషిలా ఉన్నాడు. ఆ చొక్కా బాబాయి కుట్టించి ఇచ్చిందని పిట్టకి తెలుసు. తెలిసి కూడా పట్టించుకోలేదు. ఆ తర్వాత ఎన్నిసార్లు ఆ రాత్రిని తలుచుకున్నా ముందు కళ్లకి కట్టేది ఆ చొక్కాయే.

పిట్ట అన్నది ఆమె అసలు పేరు కాదు. చిన్నప్పుడు ఒకచోట కాలు నిలిచేది కాదని బాబాయి పెట్టిన పేరు. ఇప్పుడు కళ్లద్దాల షాపులో రోజంతా ఒకే స్టూలు మీద కూర్చుని అద్దాలు అరగదీసే పని చేస్తున్నా, ఆ పేరు మాత్రం ఆమెని వదిలి ఎగిరిపోలేదు.

నాన్నా బాబాయీ కలిసి గేట్లూ గ్రిల్సూ చేసే వెల్డింగ్ షాపు నడిపేవాళ్లు. నాన్న ముక్కుసూటి మనిషి. నవ్వాల్సి వస్తే ముందు అటూ ఇటూ చూసుకుని నవ్వుతాడు. బాబాయి అలా కాదు, ఇనుముని కూడా నవ్వించగలడు. బొమ్మల సినిమాల పిచ్చి ఆయనదే. ఆ హాల్లో ఏడాదికోసారి, చలికాలంలో, పొద్దుగూకినప్పటి నుంచి తెల్లారేదాకా వరసగా జపాన్ యానిమే సినిమాలు వేస్తారు. మొదటిసారి అన్నని బతిమాలి, పిట్టని భుజానెక్కించుకుని తీసుకెళ్లింది ఆయనే. తర్వాత అది ముగ్గురికీ అలవాటైపోయింది.

నాన్నకి ఒక చిక్కుండేది. ఏళ్ల తరబడి వెల్డింగ్ మంట చూసీ చూసీ ఆయన కళ్లు దెబ్బతిన్నాయి. తెర మీద బొమ్మ బాగానే ఆనుతుంది కానీ, వాళ్ల మాటలకి అర్థం చెబుతూ కింద పడే తెల్లక్షరాలు నిప్పురవ్వల్లా చెదిరిపోతాయి. పిట్ట తన షాపులో ఉన్న అద్దాలన్నీ పెట్టి చూసింది. లాభం లేకపోయింది. అందుకని బాబాయి మధ్య కుర్చీలో కూర్చుని, అక్షరాలు పడ్డవి పడ్డట్టు అన్న చెవిలో చెప్పేవాడు. నోరు ఊరుకోదు కాబట్టి మధ్యమధ్య తన మాటలు కూడా కలిపేవాడు. కాకపోతే దానికో కట్టుబాటు పెట్టుకున్నాడు. తన సొంత మాట చెప్పే ముందు అన్న మణికట్టు మీద రెండు వేళ్లతో తట్టేవాడు. తట్టితే అది బాబాయి మాట, తట్టకపోతే సినిమా మాట.

"రాజుగారు యుద్ధానికి బయల్దేరమంటున్నాడు" అని చెప్పి, తట్టి, "ఈయన మాత్రం కుర్చీ దిగడు చూడు" అనేవాడు. చీకట్లో నాన్న భుజాలు కదలడం పిట్టకి తెలిసేది. ఇంట్లో ఎప్పుడూ నవ్వనంతగా ఆ చీకట్లో నవ్వేవాడాయన.

అలాంటి అన్నదమ్ముల మధ్య మాటలు పోయి చాలా నెలలైంది. షాపులో చేసిన గేటొకటి ఒకరింట్లో కీలు దగ్గర ఊడిపోయింది. అదృష్టం బాగుండి ఎవరికీ దెబ్బ తగల్లేదు. ఆ ఇంటాయన షాపుకొచ్చి వీధంతా వినబడేలా తిట్టాడు. మాట పడడం అలవాటు లేని నాన్న, అందరి ముందూ, "అది నా చేతి పని కాదండీ. మా వాడిది" అన్నాడు. ఆయన అన్నది నిజమే కావచ్చు. కానీ అన్నేళ్లలో ఆ షాపులో నీ అతుకు, నా అతుకు అన్న లెక్క ఎన్నడూ లేదు. బాబాయి చేతి తొడుగులు ఊడదీసి బల్ల మీద పెట్టి, ఒక్క మాటా అనకుండా వెళ్లిపోయాడు. మళ్లీ రాలేదు.

ఇప్పుడాయనకి ఎక్కడో ఓడలు కట్టేచోట పని దొరికింది. తెల్లారగానే బస్సు. ముందు ఆయన వెళ్లి గది చూసుకున్నాక పిన్నినీ పిల్లల్నీ తీసుకెళ్తాడట.

"మీ బాబాయి మొండివాడు. మీ నాన్న జగమొండి" అంది పిన్ని ఫోన్‌లో. "క్షమించమని కాళ్లు పట్టుకోనక్కర్లేదే. వచ్చి బస్సు దగ్గర నిలబడితే చాలు. ఈయన పెట్టె దింపేసుకుంటాడు. నాకు తెలుసుగా, రోజూ సాయంత్రం ఆ షాపు వీధిలోంచే తిరిగొస్తాడు, పని లేకపోయినా."

బస్టాండు సినిమాహాలుకి వెనకే ఉంది, ఆ ముందు రాత్రే ఏటేటా వేసే సినిమాలు. పిట్టకి వెంటనే ఉపాయం తట్టింది. నాన్నని సినిమాలకి తీసుకెళ్తే తెల్లారేసరికి ఎలాగూ అక్కడే ఉంటాడు, ఎలాగో చెయ్యిపట్టుకుని అటు నడిపించొచ్చు. అడిగీ అడగ్గానే నాన్న సరేనన్నాడు. అంత సులువుగా ఎందుకు ఒప్పుకున్నాడని అప్పుడైనా అనుకోవాల్సింది. తన తెలివి పారిందన్న సంబరంలో ఉంది పిట్ట.

హాల్లో నాన్న అలవాటు చొప్పున మధ్యలో ఒక కుర్చీ వదిలి కూర్చున్నాడు. కూర్చున్నాక ఆ ఖాళీకేసి చూశాడు. పిట్ట జరిగి బాబాయి కుర్చీలో కూర్చుంది.

మొదటి సినిమా గొడుగులు బాగుచేసే అమ్మాయి కథ. పిట్ట తడబడుతూ మొదలుపెట్టినా మెల్లగా దారిలో పడింది. ఒకచోట ధైర్యం చేసి నాన్న చేతి మీద తట్టి, "ఈ పిల్ల మన షాపులో ఉంటే ముందు మన రేకు కప్పు బాగుచేయించేవాళ్లం" అంది. నాన్న నవ్వాడు. ఆమెకి పోయిన ప్రాణం తిరిగొచ్చినట్టయింది.

రెండోది ఇనుప మనుషులు కొట్టుకునే సినిమా. అందులో చెప్పడానికి పెద్దగా మాటల్లేవు. నాన్నే ఆమెకి చెప్పడం మొదలుపెట్టాడు.

"ఆ భుజం దగ్గర అతుకు చూడు. నిలవదది."

"నాన్నా, అది బొమ్మ."

"బొమ్మయితే? చూస్తూ ఉండు."

కాసేపటికి ఆ చెయ్యి నిజంగానే ఊడి సముద్రంలో పడింది. "చెప్పానా!" అని నాన్న పైకే అరిచాడు. వెనక వరసలో ఎవరో చప్పట్లు కొట్టారు.

విరామంలో బన్ను తింటూ నాన్న ఉన్నట్టుండి అడిగాడు. "ఇక్కణ్ణుంచి బస్టాండులోకి వెనకాల సందొకటి ఉండేది. ఉందా ఇంకా?"

పిట్ట తన పన్నాగం బయటపడిపోయిందనుకుంది. ఆ సందుకి అడ్డంగా గోడ కట్టేశారని ఆమెకి తెలుసు, రోజూ ఆ పక్క నుంచే పనికెళ్తుంది. అయినా "ఏమో నాన్నా, నేనెప్పుడూ చూళ్లేదు" అని మాట మార్చేసింది. నాన్న చేతులు దులుపుకుని ఇంకేమీ అడగలేదు.

మూడో సినిమా మొదలయ్యేసరికి ఆమెకి కంగారు పట్టుకుంది. రాత్రి కరిగిపోతోంది. ఒక్క సినిమాలోనైనా అన్నదమ్ములెవరైనా వస్తారని, నాన్న మనసు దానంతటదే మెత్తబడుతుందని ఆశపడింది. తెర మీద చూస్తే ఒక తాబేలు వీపు మీద దీపాలు పెట్టుకుని చెరువంతా తిరుగుతోంది. దాంతో ఒక కొంగ వాదన పెట్టుకుంది. అక్షరాలు ఏవో చేపల సంగతి చెబుతున్నాయి. సినిమా చెప్పకపోతే మనమే చెప్పిద్దాం, ఎవరికి తెలుస్తుంది అనుకుంది పిట్ట.

ముందు ఒకటి రెండు మాటలే మార్చింది. "దూరంగా ఉంటే కోపం తగ్గదు, పెరుగుతుందని తాబేలు అంటోంది." నాన్న ఊఁ అన్నాడు. ఆ ఊఁ విని ఆమె ఇంకాస్త ముందుకెళ్లింది. కొంగ మెడ సాచి గట్టిగా ఏదో అంటున్నప్పుడు, గొంతు బరువుగా చేసుకుని చెప్పింది. "సొంతవాళ్లు వెళ్లిపోతుంటే చూస్తూ కూర్చున్నవాడు, రేపు ఈ నీళ్లలో తన మొహం తాను చూసుకోలేడు అంటోంది నాన్నా."

సరిగ్గా అప్పుడే హాలంతా గొల్లుమంది. నక్క చెవుల అమ్మాయి నవ్వలేక ముందు కుర్చీ మీద పడిపోయింది.

నాన్న అటు చూశాడు, ఇటు చూశాడు. తర్వాత పిట్ట వైపు తిరిగాడు. తెర వెలుతురులో ఆయన మొహం పచ్చగా, నీలంగా మారుతోంది. ఆమె మళ్లీ నోరు తెరిస్తే, "ఉండు, బొమ్మ చూడనీ" అన్నాడు.

దీపాలు వెలిగాక జనం కాళ్లు సాచుకోవడానికి బయటికెళ్లారు. నాన్న లేవలేదు.

"ఆ కొంగ ఏమంది?"

"చెప్పాను కదా నాన్నా."

"నువ్వు చెప్పింది విన్నాను. అదేమందని అడుగుతున్నా."

పిట్ట తల దించుకుంది. "ముందు నా కాలు మీంచి దిగు, తర్వాత మాట్లాడదాం అంది తాబేలుతో."

నాన్న నవ్వాడు. గండం గడిచిందనుకుంది పిట్ట. "అది బాగుంది. అదే చెప్పి ఉంటే నేనూ నవ్వేవాణ్ణిగా" అని, నవ్వు అలాగే ఉండగా అడిగాడు. "మీ పిన్ని చెప్పమందా?"

"లేదు. నేనే."

"మన వీధిలో ఒకడు తుమ్మితే నాలుగిళ్లకి వినబడుతుంది. బస్సు సంగతి నాకు తెలీదనుకున్నావా? వెళ్దామనే వచ్చాను. ఈ చొక్కా ఎందుకేసుకున్నాననుకున్నావు, ఆ నక్క చెవుల పిల్ల కోసమా?"

పిట్ట కుర్చీలోంచి లేచింది. "అయితే వెళ్దాం నాన్నా. ఇంకేం కావాలి!"

"ఇప్పుడెలా వెళ్తాను? నా కాళ్లతో నేను వెళ్లడం వేరు. చంటాడికి మందులో తేనె కలిపినట్టు, కొంగ చేతా తాబేలు చేతా చెప్పించి తోస్తే వెళ్లడం వేరు. పిల్ల తోస్తే వచ్చాడని నా మొహం చూడగానే పట్టేస్తాడు వాడు."

"బాబాయి అలా అనుకోడు."

"నేననుకుంటాగా."

ఆయన గొంతులో కోపం లేదు. కోప్పడి ఉంటే ఆమెకి కాస్త సుఖంగా ఉండేది. కాసేపాగి, తనలో తను అనుకున్నట్టు అన్నాడు. "వాడు ఎన్ని పిచ్చి జోకులైనా వేసేవాడు. తట్టకుండా మాత్రం ఒక్కటీ వెయ్యలేదు. కళ్లు సరిగ్గా ఆననివాడి పక్కన కూర్చున్నప్పుడు, అదొక్కటే కదమ్మా ఉండాల్సింది."

ఆఖరి సినిమా మొదలైంది. తెర మీద సముద్రం, ఒక దీవి, దాని మీద దీపస్తంభం. ఆ దీపాన్ని చూసుకునే ఇద్దరు అన్నదమ్ములు. పిట్ట రాత్రంతా ఏ కథ కోసం ఎదురుచూసిందో ఆ కథ ఇప్పుడొచ్చింది, ఆమె మాట చెల్లకుండా పోయాక.

ఒక్క అక్షరం పొల్లుపోకుండా చెప్పాలనుకుంది. చెప్పింది కూడా. గాలివాన రాత్రి దీపం ఆరిపోతే తప్పు తమ్ముడి మీదకి వచ్చింది. అన్న పక్కనే ఉండి కూడా కిమ్మనలేదు. తమ్ముడు పడవెక్కుతున్నాడు. "అన్న రాయి వెనకాల నిలబడ్డాడు నాన్నా, కనిపించకుండా" అంది.

"బొమ్మ కనిపిస్తోందిలే" అన్నాడు నాన్న.

చివరికి అన్న ముసలివాడయ్యాడు. దీవికొచ్చిన ఒక పిల్ల, ఆ రోజు ఏం జరిగింది తాతా అని అడిగింది. ముసలివాడు సముద్రం వైపు చూస్తూ జవాబు చెప్పాడు. కింద పడ్డ అక్షరాలు పిట్ట చదివి చెప్పింది. "పిలిస్తే ఆగేవాడు. నేను పిలవలేదు... అంటున్నాడు నాన్నా."

నాన్న మెల్లగా ఆమె వైపు తిరిగాడు. "తట్టడం మర్చిపోయావు."

"తట్టక్కర్లేదు నాన్నా. సినిమాలోదే. ఒట్టు."

"కొంగది కూడా సినిమాలోదే అన్నావుగా" అని, చేతులు కట్టుకుని, కళ్లు మూసుకున్నాడు.

ఆ తర్వాత పడిన అక్షరాలన్నీ పిట్ట ఒక్కతే చదువుకుంది.

బయట వెలుతురు పలచగా పడుతోంది. నేరుగా నడిచినా బస్సు అందేది. నాన్న మొహం కడుక్కోవాలన్నాడు. కుళాయిల దగ్గర నిద్రమొహాల కుర్రాళ్లు బారులు తీరి ఉన్నారు. ఆయన తన వంతు వచ్చేదాకా నిలబడి, మొహం నెమ్మదిగా తుడుచుకుని, చొక్కా మళ్లీ సర్దుకున్నాడు. ఆయన కావాలనే ఆలస్యం చేస్తున్నాడని పిట్టకి అర్థమవుతూనే ఉంది. రా నాన్నా అని చెయ్యి పట్టుకు లాగాలనిపించింది. రాత్రంతా లేని పనికి పూనుకున్న నోరు, అవసరమైన ఆ ఒక్క మాట దగ్గర పెగల్లేదు. తోసినట్టుంటుందని భయం.

మెట్ల మీద ఇద్దరు కాలేజీ కుర్రాళ్లు దుప్పట్లు మడతపెట్టుకుంటున్నారు.

"నువ్వు ఏడ్చావురా."

"ఏడవలేదు. జలుబు."

"ఆ ముసలాయన 'పిలిస్తే ఆగేవాడు, నేను పిలవలేదు' అనగానే వచ్చిందా ఆ జలుబు?"

నాన్న మెట్టు మీదే ఆగిపోయాడు. ఆ కుర్రాళ్లని చూశాడు. పిట్టని చూశాడు. ఆమె చెప్పాల్సిన పని లేకపోయింది. మరుక్షణం ఆయన మెట్లు దిగి, ఆ వయసులో అంత వేగం ఎక్కణ్ణుంచి వచ్చిందో గానీ, హాలు వెనక్కి పరుగెత్తాడు.

"నాన్నా, అటు కాదు! ఆ సందు మూసేశారు!"

ఆయనకి వినబడలేదు. ఆమె వెళ్లేసరికి గోడ ముందు నిలబడి, దాన్ని అరచేత్తో తడిమి చూస్తున్నాడు, ఎక్కడైనా అతుకు వదులుగా ఉందేమోనన్నట్టు. "ఏమో అన్నావుగా" అన్నాడు రొప్పుతూ. ఇద్దరూ చుట్టూ తిరిగి మెయిన్‌రోడ్డు మీదుగా పరుగెత్తారు.

బస్సు ఆగే చోట తడి నేల మీద టైర్ల గుర్తులున్నాయి. టీ బండి ఆవిడ గ్లాసులు కడుగుతోంది.

"ఇప్పుడే కదిలింది. ఒకాయన మూలంగానే ఇంత ఆలస్యం. ఎంతకీ బస్సెక్కడే! సినిమాహాలు వైపే చూస్తూ నిలబడ్డాడు. ఎవరికోసమయ్యా అంటే ఎవరూ లేరంటాడు. కండక్టరు తిట్టి ఎక్కించాడు చివరికి" అంది.

నాన్న అక్కడున్న బెంచీ మీద కూలబడ్డాడు. పిట్ట బాబాయికి ఫోన్ చేసింది.

"చెప్పు పిట్టా" అన్నాడు బాబాయి. ఆయనది గట్టి గొంతు, పక్కవాళ్లకి కూడా వినబడుతుంది.

"నాన్న మాట్లాడతాడు" అని ఫోన్ ఇచ్చేసింది.

నాన్న ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని చాలాసేపు ఊపిరి పీల్చాడు. "ఆఁ. సీటు దొరికిందా?"

"దొరికింది."

"కిటికీ పక్కనేనా?"

"ఆఁ."

"చలిగాలి. మూసుకో."

"మూతపడ్డం లేదు అన్నయ్యా. తుప్పు పట్టి బిగుసుకుపోయింది. మన షాపుకి తెస్తే చిటికెలో..." అని బాబాయి ఆగిపోయాడు.

మన షాపు అన్న మాట ఇద్దరి మధ్యా కాసేపు అలా ఉండిపోయింది. దిగిపొమ్మను నాన్నా అని పిట్ట చేతులతో సైగ చేసింది. బతిమాలుతున్నట్టు దణ్ణం పెట్టింది. నాన్న పెదవులు కదిలాయి కానీ మాట రాలేదు. అవతలి నుంచి బస్సు రొద వినబడుతోంది.

"సినిమాలెలా ఉన్నాయి?" అన్నాడు బాబాయే.

"బాగున్నాయి."

"పిట్ట సరిగ్గా చెప్పిందా?"

నాన్న ఆమె వైపు చూశాడు. "చెప్పింది. ఉన్నది ఉన్నట్టు చెప్పింది. నేనే సరిగ్గా వినలేదు."

బాబాయి అన్న నోట ఇంకో మాట వస్తుందని ఎదురుచూస్తున్నట్టు ఉండిపోయాడు. తర్వాత, "సరే అన్నయ్యా, కండక్టరొస్తున్నాడు. ఉంటా" అన్నాడు.

ఫోన్ కట్టయింది. పిట్ట దాన్ని లాక్కుని మళ్లీ నొక్కబోయింది. నాన్న తన చెయ్యి అడ్డంగా పెట్టాడు. కాలిన మచ్చలతో గరుకుగా, బరువుగా ఉందా చెయ్యి. దాన్ని అలాగే ఆమె మణికట్టు మీద ఉంచి, రెండు వేళ్లతో తట్టాడు.

"పిలిస్తే ఆగేవాడు" అన్నాడు.

టీ బండి ఆవిడ రెండు గ్లాసులు తెచ్చి బెంచీ మీద పెట్టి వెళ్లింది. అవి చల్లారేదాకా ఇద్దరూ అక్కడే కూర్చున్నారు.